జవాబు పత్రం పదకొండో పేజీ

2018 మార్చిలో ఒక సాయంత్రం, హనుమకొండ నయీంనగర్‌లో మేం నలుగురం అద్దెకు ఉంటున్న గదిలో, ఒకే ఫోన్‌లో వంతులవారీగా హాల్ టికెట్ నంబర్లు కొట్టి డిగ్రీ మూడో సెమిస్టర్ ఫలితాలు చూసుకున్నాం. నా వంతు వచ్చేసరికి థర్మోడైనమిక్స్ పేపర్ ఎదురుగా 80కి 26 అని కనిపించింది. పాస్ కావాలంటే 32 రావాలి. ఆ పరీక్ష రాసి బయటికి వచ్చిన రోజు, తోటివాళ్లతో ప్రశ్నలవారీగా లెక్క వేసుకున్నప్పుడు, యాభైకి తగ్గవని ధైర్యంగా చెప్పినవాణ్ణి నేనే. పరకాల దగ్గరి మా ఊరికి ఫోన్ చేసి సంగతి చెబితే మా బాపు కోప్పడలేదు. "ఎందుకు పోయింది బిడ్డా, ఏం తప్పు రాసినవ్?" అని మాత్రం అడిగాడు. రాసింది నేనే, పోయింది నాకే, అయినా ఏం తప్పు రాశానో నాకు తెలియదు. ఆ ఒక్క పేపర్ వల్ల నాకు ఒక సంవత్సరం పోయింది.

పరీక్షల గురించి విద్యార్థులు మాట్లాడుకునే ఆవేదనను చాలామంది పెద్దలు మార్కుల యావ అని తేలికగా కొట్టిపారేస్తారు. కొన్నేళ్లుగా మొదట విద్యార్థిగా, తర్వాత డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పే మనిషిగా ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూశాక నాకు గట్టిగా అనిపిస్తున్నది వేరు. తక్కువ మార్కులు వచ్చాయన్న బాధ వారం రోజుల్లో తగ్గుతుంది. ఎందుకు వచ్చాయో ఎవరూ చెప్పరన్న బాధ మాత్రం తగ్గదు, అది మెల్లగా చదువు మీదే నమ్మకం పోగొడుతుంది. అందుకే నేను అడుగుతున్నది ఒక్కటే: దిద్దిన జవాబు పత్రం రాసిన విద్యార్థికి కనిపించాలి. ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టినవాళ్లకో, ఫీజు కట్టగలిగినవాళ్లకో అని కాకుండా, ఫలితాలతో పాటే అందరికీ కనిపించాలి.

ఆ రోజుల్లో నా ముందున్న దారి రీవాల్యుయేషన్ ఒక్కటే. ఫీజు కట్టాను. అది గదికి కట్టే నెల అద్దెలో నా వాటాకు దగ్గరగా ఉండేది కాబట్టి ఆ నెల రాత్రి భోజనం తగ్గించుకోవలసి వచ్చింది. రెండు నెలలు గడిచాక వెబ్‌సైట్‌లో నా నంబర్ ఎదురుగా "నో చేంజ్" అన్న రెండు మాటలు కనిపించాయి. నా పేపర్‌ను నిజంగా మరొకరు చదివి అదే మార్కు వేశారా, మొత్తం మాత్రమే మళ్లీ కూడారా అన్నది ఆ రెండు మాటల్లో తెలిసే వీలు లేదు. ఆ ఏడాది చివర్లో, అయిదో సెమిస్టర్ పరీక్షలతో పాటు, అదే పేపర్‌ను సప్లిమెంటరీగా రాశాను. మునుపటికంటే ఎక్కువ చదివాను, మునుపటికంటే ఎక్కువ పేజీలు రాశాను. 27 వచ్చాయి. ఒక సంవత్సరం కష్టానికి ఒక్క మార్కు పెరిగింది.

ఏం తప్పు చేస్తున్నామో తెలియని చోట ఊహలు పుడతాయి. మా గదిలో, పక్క గదుల్లో, కేయూ (కాకతీయ విశ్వవిద్యాలయం) క్రాస్ రోడ్స్ దగ్గరి జిరాక్స్ షాపుల ముందు, పరీక్షల ముందు పదిహేను రోజులూ ఆ ఊహలే చదువు స్థానంలో నడిచేవి. హెడ్డింగులు స్కెచ్ పెన్‌తో రాస్తే రెండు మార్కులు ఎక్కువ పడతాయని ఒకరు, బుక్‌లెట్ చివరి పేజీ దాకా నింపితే ఫెయిల్ చేయరని ఇంకొకరు, మొదటి జవాబు చూసే మిగతా అన్నిటికీ మార్కులు వేస్తారు కాబట్టి బాగా వచ్చిన ప్రశ్నతోనే మొదలుపెట్టాలని మరొకరు చెప్పేవాళ్లు. ఫలానా జిల్లా సార్ల చేతికి బండిల్ పోతే అందరూ పాసేననీ, ఫలానా మేడమ్ చేతికి పోతే సగం మంది పోతారనీ సీనియర్లు ఎంతో నమ్మకంగా వివరించేవాళ్లు. వీటిలో ఏది నిజమో, ఏది కాదో తేల్చుకోవడానికి మా దగ్గర ఒక్క దిద్దిన కాగితం కూడా లేదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలో పడ్డ మాలాంటివాళ్లకు ఇంకో అనుమానం కూడా ఉండేది: విషయం తెలిసీ వాక్యం కుదరక పోతున్నామా, విషయమే తెలియక పోతున్నామా? ఈ రెండింటికీ మందు వేరు. రోగం ఏదో చెప్పకుండా మళ్లీ రాయమనడం తప్ప మాకు అందిన సాయం లేదు.

నాతో పాటు ఉన్న మిత్రుడొకడు, నిజానికి మా నలుగురిలో పాఠం బాగా అర్థం చేసుకునేవాడు, రెండుసార్లు పోయాక పుస్తకం చదవడమే మానేశాడు. ఆల్ ఇన్ వన్ గైడులో చుక్కలు పెట్టిన పది ప్రశ్నలను అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టి, మూడోసారి పాసయ్యాడు. అతన్ని నేను తప్పుపట్టను. అర్థం చేసుకుని రాసినప్పుడు ఎందుకు పోయిందో తెలియనప్పుడు, బట్టీ పట్టి రాసినప్పుడు పాసైతే, ఆ రెండింటి నుంచి ఏ తెలివైన విద్యార్థయినా నేర్చుకునే పాఠం అదే. పరీక్షా విధానం బట్టీ చదువును పెంచుతున్నదని వందేళ్లకు పైగా కమిషన్లు చెబుతూనే ఉన్నాయి. 1902లో వేసిన భారత విశ్వవిద్యాలయాల కమిషన్, మన దేశంలో బోధన పరీక్షకు లొంగిపోయిందని విమర్శించింది. 1948లో రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించాల్సి వస్తే పరీక్షల సంస్కరణనే సూచిస్తామని మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో రాసింది. ఆ తర్వాత మన దగ్గర వార్షిక పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి, మార్కుల పక్కన గ్రేడ్లు వచ్చాయి, క్రెడిట్లు వచ్చాయి. దిద్దిన కాగితం మాత్రం ఎక్కడికి పోయేదో అక్కడికే పోతున్నది.

గ్రేడ్ల వల్ల ఈ చీకటి తగ్గకపోగా కొంత పెరిగిందని కూడా నేను అంటాను. పది పాయింట్ల పద్ధతిలో ఒక పేపర్‌కు వచ్చిన మార్కులు ముందు గ్రేడ్ పాయింట్‌గా మారతాయి, ఆ పాయింట్‌ను క్రెడిట్లతో, అంటే ఆ పేపర్‌కు ఇచ్చిన బరువుతో, గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు గ్రేడ్ పాయింట్, వస్తుంది. గ్రేడ్‌కు గ్రేడ్‌కు మధ్య గీత దగ్గర ఒక్క మార్కు తగ్గితే ఒక పూర్తి పాయింట్ పోతుంది. 4 క్రెడిట్ల పేపర్‌లో అలా ఒక పాయింట్ పోతే, సెమిస్టర్ మొత్తం 20 క్రెడిట్లయితే, ఎస్‌జీపీఏ 0.2 పడిపోతుంది. ఆ ఒక్క మార్కు దిద్దినవారి తీర్పులో సహజంగా ఉండే అటూఇటూ కావచ్చు, కూడికలో తప్పు కావచ్చు. మెమో మీద మాత్రం అది రెండు దశాంశ స్థానాల కచ్చితత్వంతో అచ్చవుతుంది, ఆ అంకెను చూసి ఉద్యోగానికి పిలవాలా వద్దా అని కంపెనీలు నిర్ణయిస్తాయి.

రెండోసారి పోయాక, 2019 మొదట్లో, ఊళ్లో వకాలత్ చదివిన ఒక అన్న చెప్పగా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల రుసుము, పేజీకి రెండు రూపాయలు. ఈ హక్కు గురించి ప్రతి విద్యార్థికీ తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు, బోర్డు నిబంధనలు ఒప్పుకోనప్పుడు జవాబు పత్రాన్ని చూపించమని అడిగే హక్కు విద్యార్థికి లేదని చెప్పింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక పరిస్థితి మారింది. సీబీఎస్ఈకి, ఆదిత్య బందోపాధ్యాయ అనే విద్యార్థికి మధ్య నడిచిన కేసులో 2011 ఆగస్టు 9న అదే సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రం చట్టం దృష్టిలో సమాచారమేననీ, దాన్ని చూసే, నకలు తీసుకునే హక్కు రాసిన విద్యార్థికి ఉందనీ తీర్పు ఇచ్చింది. దిద్దినవారి పేరు, సంతకం మాత్రం వారి భద్రత కోసం బయటపెట్టనవసరం లేదని కూడా అదే తీర్పు చెప్పింది. అయితే చూసే హక్కు ఉన్నంత మాత్రాన మళ్లీ దిద్దించుకునే హక్కు రాదు. అంతేకాక, నిబంధనల ప్రకారం పత్రాలను ఎంతకాలం భద్రపరుస్తారో అంతకాలమే ఆ హక్కు పనిచేస్తుంది.

మార్చి నెలలో రిజిస్టర్ పోస్టులో నా రెండో జవాబు పత్రం నకలు వచ్చింది. గదిలో ఎవరూ లేనప్పుడు విప్పాను. మొదటి పేజీ నుంచి చదువుతూ పోతే, నా అక్షరాలే నాకు వేరే ఎవరివో అన్నట్టు కనిపించాయి. పదకొండో పేజీలో, ఆదర్శ వాయువుకు సీపీ, సీవీల (స్థిర పీడనం, స్థిర ఘనపరిమాణం దగ్గరి విశిష్టోష్ణాల) తేడా ఆర్‌కు (వాయు స్థిరాంకానికి) సమానమని నిరూపించే చోట, నా రెండో వరుస కింద ఒక గీత, పక్కన ఒక ప్రశ్నార్థకం ఉన్నాయి. కెమిస్ట్రీలో మాకు చెప్పిన పద్ధతిలో, అంతర్గత శక్తిలో మార్పు కావాలంటే ఇచ్చిన ఉష్ణానికి వ్యవస్థ మీద జరిగిన పనిని కలపాలి. ఫిజిక్స్ పుస్తకంలో వ్యవస్థ చేసిన పనిని తీసివేయాలి. రెండూ సరైనవే, పనికి ఏ దిశలో గుర్తు ఇస్తున్నామన్నదే తేడా. నేను కెమిస్ట్రీ నుంచి ప్లస్ గుర్తు తెచ్చుకుని, ఫిజిక్స్ నుంచి పనికి పీడనం ఇంటూ ఘనపరిమాణంలో మార్పు అన్న విలువను గుర్తు మార్చకుండా తెచ్చుకుని, రెండింటినీ ఒకే వరుసలో పెట్టాను. ఆ వరుస ప్రకారం నడిస్తే జవాబు మైనస్ ఆర్ రావాలి. చివరి వరుసలో నేను మాత్రం, బట్టీ వచ్చిన ఫలితం కాబట్టి, ప్లస్ ఆర్ అని రాసి కింద రెండు గీతలు గీశాను. అదే తప్పు స్థిరోష్ణక ప్రక్రియ ప్రశ్నలోనూ, ఇంకో చిన్న లెక్కలోనూ ఉంది. దిద్దిన మనిషి ప్రతిచోటా సరిగ్గా అక్కడే ఆగాడు.

ఆ మనిషి మీద ఏడాదిగా నాకున్న కోపం ఆ అరగంటలో పోయింది. అతను నాకు అన్యాయం చేయలేదు, నా పేపర్‌ను శ్రద్ధగా చదివాడు. నాకు పాఠం చెప్పిన నలుగురు అధ్యాపకులు పట్టుకోలేని తప్పును పట్టుకున్నాడు, పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాడు. ఆ ప్రశ్న నన్ను అడగడానికే పెట్టి ఉంటాడు. అది నాకు చేరడానికి సమాచార హక్కు చట్టం కావలసి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. లోపల ఒక చిన్న ప్రశ్నకు వేసిన 3 మార్కులు మొదటి పేజీ పట్టికలోకి ఎక్కలేదు. అవి కలిసినా 30 అయ్యేవి, నేను పాసయ్యేవాణ్ణి కాదు. రీకౌంటింగ్ గడువు అప్పటికే దాటిపోయింది కాబట్టి దాన్ని సరిచేయించే అవకాశం కూడా లేదు. ఆ రాత్రే ప్లస్, మైనస్ పద్ధతులు రెండూ పక్కపక్కన రాసుకుని కూర్చున్నాను. 2019 చివర్లో మూడోసారి రాసినప్పుడు 58 వచ్చాయి. పీజీ ప్రవేశ పరీక్షకు నా తోటివాళ్లు వెళ్లిన ఏడాది నేను వెళ్లలేకపోయాను.

నా నకలు చేతికి వచ్చిన మరుసటి నెలలోనే, 2019 ఏప్రిల్ 18న, తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాతి రోజులు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేరు. మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేసి, తర్వాత అది 99 అని సరిచేశారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరణాలకు కారణాలు ఒక్కొక్క ఇంట్లో ఒక్కోలా ఉండి ఉంటాయి, వాటి గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించాక వెయ్యి మందికి పైగా పాసయ్యారన్నది మాత్రం అందరికీ తెలిసిన విషయం. లక్షల పేపర్లలో వెయ్యి చిన్న సంఖ్యేనని అప్పట్లో కొందరు అన్నారు. ఆ వెయ్యి మందిలో ఒకరైతే ఆ మాట అనలేరు. ఇంకో సంగతి, ఇంటర్ బోర్డులో రీవెరిఫికేషన్ కోరిన విద్యార్థికి దిద్దిన పేపర్ స్కాన్ కాపీ ఇచ్చే ఏర్పాటు ఉంది. పదిహేడేళ్ల పిల్లలకు చూపించగలిగిన కాగితాన్ని, ఓటు హక్కు వచ్చిన డిగ్రీ విద్యార్థికి చూపించడానికి ఏమిటి అడ్డం?

అడ్డం ఏమిటో స్పాట్ వాల్యుయేషన్‌కు, అంటే అధ్యాపకులు ఒకచోట కూర్చుని పేపర్లు దిద్దే పనికి, వెళ్లడం మొదలుపెట్టాక నాకు కొంత అర్థమైంది. పొద్దున ఒక బండిల్, మధ్యాహ్నం ఒక బండిల్. కోడ్ నంబర్లు తప్ప పేర్లు ఉండవు. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా మోచేయి ఆనించి, ఒక్కో పేపర్‌కు అయిదారు నిమిషాల్లో, నాలుగైదు పెద్ద జవాబులు, అన్నే చిన్న జవాబులు చదివి, మార్కులు లోపల వేసి, మొదటి పేజీకి ఎక్కించి, కూడి, సంతకం పెట్టాలి. ఒకరోజు మధ్యాహ్నం ఎంట్రోపీ మీద ఒక జవాబుకు 4 వేశాక, అలాంటిదే, దాదాపు అవే వాక్యాలతో ఉన్నది, పొద్దున చదివినట్టు గుర్తొచ్చింది. దానికి 6 వేశాను. పొద్దుటి బండిల్ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. చేతిలో ఉన్నదాన్ని 6 చేశాను గానీ, గుర్తు రానివి ఇంకెన్ని ఉన్నాయో చెప్పలేను. దీనికి నా ఒక్కడి అజాగ్రత్తే కారణం కాదనడానికి పాత ఆధారాలు ఉన్నాయి. 1913లోనే అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే జ్యామితి జవాబు పత్రాన్ని వంద మందికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దిస్తే, వందకు 30 లోపు వేసినవాళ్ల నుంచి 90 వేసినవాళ్ల దాకా ఉన్నారు. మనిషి దిద్దినంత కాలం తేడా ఉంటుంది. తేడా ఉంటుందని తెలిసినప్పుడు దాన్ని ఎవరో ఒకరు గమనించే ఏర్పాటు ఉండాలి, ఆ పేపర్‌ను అందరికంటే శ్రద్ధగా చూసేది రాసిన మనిషే.

హనుమకొండలోనే, కాజీపేట దారిలో ఎన్ఐటీ ఉంది. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో దిద్దిన పేపర్లను విద్యార్థులకు చూపించడం మామూలు విషయం. పాఠం చెప్పినవారే ప్రశ్నపత్రం తయారుచేసి, వారే దిద్ది, గ్రేడ్ ఖరారు కాకముందే విద్యార్థి సందేహాలు వింటారు. అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో డిగ్రీ చదివే విద్యార్థికి ఆ అవకాశం లేకపోవడానికి కారణం, మన విశ్వవిద్యాలయాలకు వారసత్వంగా వచ్చిన రూపం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో పెట్టిన విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో, మొదట పాఠమే చెప్పకుండా, అనుబంధ కళాశాలల విద్యార్థులకు పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చే సంస్థలుగా మొదలయ్యాయి. చెప్పేవారు ఒకరు, అడిగేవారు ఒకరు, దిద్దేవారు ఇంకొకరు. ఉత్తర తెలంగాణకు 1976లో కాకతీయ, 2006లో నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం, 2008లో కరీంనగర్‌లో శాతవాహన రావడం వల్ల మా ఊళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటికి దగ్గరలో పట్టా చదవగలిగారు. ఆ మేలు చాలా పెద్దది, దాన్ని కాదనను. అనుబంధ కళాశాలల పద్ధతి ఒక్కసారిగా మారుతుందని కూడా నేను అనుకోను. ముగ్గురు వేర్వేరు మనుషుల చేతుల్లో నలిగిన కాగితం, చివర్లో ఒక్కసారి నాలుగో మనిషికి, అంటే రాసినవాడికి, అందాలని మాత్రమే అంటున్నాను.

ఈ మాట అన్నప్పుడల్లా సహాధ్యాపకులు నాతో వాదిస్తారు. అందరికీ చూపిస్తే ప్రతి ఒక్కరూ మార్కు కోసం కొట్లాటకు వస్తారని, కోర్టుకు పోతారని అంటారు. నా అనుభవం వేరు. ఇంటర్నల్ పేపర్లు నేను దిద్దిన వారంలోపే క్లాసులో తిరిగి ఇస్తాను. మొదటి నెల అరవై మందిలో పదిహేను మంది బల్ల దగ్గరికి వచ్చారు, వాళ్లలో ముగ్గురి కూడికలు నిజంగానే తప్పు, సరిచేశాను. మూడో నెలకు అడగడానికి వచ్చేవాళ్లు నలుగురైదుగురే, అది కూడా మార్కు గురించి తక్కువ, వరుస గురించి ఎక్కువ. దిద్దేవాళ్ల మీద ఒత్తిడి పెరుగుతుందన్న మాటలో నిజం ఉంది. పేపర్‌కు అయిదు నిమిషాలు చాలవని, రోజుకు ఇన్ని బండిల్స్ వద్దని అధ్యాపకులం గట్టిగా అడగడానికి అదే మంచి కారణమని నేను వాళ్లకు చెబుతాను. ఖర్చు విషయానికొస్తే, పేపర్లను స్కాన్ చేసి కంప్యూటర్ మీద దిద్దించే చోట నకలు ముందే తయారై ఉంటుంది. విద్యార్థి హాల్ టికెట్ నంబర్‌తో ఫలితం చూసే వెబ్‌సైట్‌లోనే దాన్నీ తెరవొచ్చు. కాగితం మీద దిద్దే చోట, కళాశాలకు బండిల్స్ పంపి రెండు రోజులు అధ్యాపకుల ఎదుట చూడనిచ్చినా సరిపోతుంది. దాంతోపాటు మార్కుల విభజన ఉన్న కీ పేపర్ బయటపెట్టాలి, రీకౌంటింగ్ గడువు పేపర్ చూసిన రోజు నుంచి మొదలు కావాలి. చూడకముందే గడువు ముగిసిపోతే ఆ హక్కుకు అర్థం లేదు.

పత్రాలను భద్రపరిచే గడువు ముగిశాక విశ్వవిద్యాలయాలు వాటిని టెండర్ పిలిచి పాత కాగితం కింద అమ్ముతాయి, అవి గుజ్జు అవుతాయి. నేను సమాచార హక్కు దరఖాస్తులో నిజానికి రెండు పత్రాలు అడిగాను, 26 వచ్చినదీ, 27 వచ్చినదీ. పోస్టులో వచ్చిన కవర్‌లో రెండోదానితో పాటు ఒక లేఖ ఉంది, మొదటిదాని గడువు ముగిసిపోయిందని. ఆ వారం ఊరికి వెళ్లి పదకొండో పేజీ బాపుకు చూపించి, ఇదిగో ఇక్కడ మైనస్‌కు బదులు ప్లస్ పెట్టిన అని వేలు పెట్టి చెప్పాను. కాగితం చాలాసేపు చూసి, "మరి మొదటిసారి కూడ గిదే తప్పా?" అని అడిగాడు. అయి ఉండొచ్చన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు.